సక్కగ ఇంటికి రా

మా చెల్లెలు మనస్విని హాలండ్ నుంచి చెప్పాపెట్టకుండా ఊడిపడింది. పెళ్లిళ్ల సీజను. అబిడ్స్‌లో మా మ్యాచింగ్ సెంటర్లో కాలు పెట్టడానికి సందు లేదు. ఒకావిడ చీర కొంగు కౌంటరు మీద పరిచి, ‘‘దీన్ని మెరూనంటరా? మీకు కండ్లున్నయా?’’ అని నన్ను నిలదీస్తోంది. నాకూ తిక్క రేగి ఏదో అనబోతుంటే జనం వెనక నుంచి ‘‘అక్కా’’ అని వినబడింది. చూస్తే మనస్విని. వీపున చిన్న బ్యాగు, పీక్కుపోయిన మొహం, మోచేతికి పక్కు కట్టిన గాయం. దాని చదువింకా సగంలోనే ఉంది. సెలవులు కావు, పండగా కాదు.

నాన్న గల్లా వదిలేసి లేచాడు. శ్యామ్‌సుందర్ అంటే ఆ బజార్లో అందరికీ తెలుసు, కస్టమరుండగా గల్లా ముందు నుంచి లేచే మనిషి కాదు. ఆ రోజు లేచి, లైనింగు బట్టల తానులు తోసుకుంటూ వెళ్లి దాన్ని పట్టుకున్నాడు. ‘‘నా బిడ్డొచ్చింది! ఫోన్ చేస్తే నేను రాకపోదునా ఎయిర్‌పోర్టుకు?’’ అన్నాడు. అది ఆయన భుజం మీద మొహం పెట్టుకుని ఎంతసేపటికీ తియ్యలేదు. మెరూన్ ఆవిడ కూడా నోరు మూసుకుని చూస్తూ నిలబడింది.

‘‘మళ్ల సైకిల్ మీదికెల్లి పడ్డవా?’’ అన్నాను మోచెయ్యి చూసి.

‘‘ఔ అక్కా. చిన్నదే’’ అంది.

చిన్నవి దానికి కొత్తేమీ కాదు. ఇక్కడ స్కూటీ తప్ప ఎక్కని పిల్ల అక్కడికి పోగానే సెకండ్‌హ్యాండ్ సైకిలొకటి కొనుక్కుంది. ఆ ఊళ్లో చంటిపిల్లల తల్లుల దగ్గర్నుంచి ముసలాళ్ల దాకా అందరూ సైకిలే. మొదటి వారమే ట్రామ్ పట్టాల సందులో చక్రం ఇరుక్కుని బోర్లా పడింది. దాని సైకిలుకు చేతి బ్రేకులు లేవట, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుందట. అది తెలియక ఒక పూలకుండీని గుద్దింది. వాన పడ్డాక తడి ఆకుల మీద జారి మోకాలు చెక్కుకుంది. ప్రతిసారీ వీడియో కాల్ చేసి దెబ్బ చూపిస్తూ నవ్వేది. నాన్న ఇక్కడ విలవిల్లాడిపోయి, ‘‘పసుపు పెట్టు బిడ్డా’’ అనేవాడు. నేను, ‘‘కండ్లు నెత్తికెక్కినయా, ముందర చూసి తొక్కు’’ అని తిట్టేదాన్ని. అమ్మ పోయినప్పటి నుంచి దాన్ని తిట్టే పని నాదే. పెళ్లి కలిసిరాక నేను పుట్టింటికి తిరిగొచ్చాక ఇంకాస్త ఎక్కువే తిట్టాననుకుంటా.

కానీ ఈసారి అది నవ్వలేదు. నాంపల్లిలో మా ఇంటి నుంచి బయటికొస్తే రోడ్డు దాటదు. ఆటోలన్నీ పోయేదాకా నిలబడుతుంది, అవి ఎప్పటికి పోవాలి? నేను చెయ్యి పట్టుకుని లాగితే చెయ్యి చల్లగా తగిలేది. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కబెట్టేది. రోజంతా ఫోనులో ఆ దేశం వార్తలు చదివేది. ‘‘ఏమైందే నీకు? పరీక్ష పోయిందా? ఎవడన్న మోసం చేసిండా?’’ అని అడిగాను. ఫోను బోర్లా పెట్టి లేచిపోయింది. నాన్న మాత్రం, ‘‘జర ఊకో నళినీ. అలసిపోయి వచ్చింది పిల్ల’’ అని నన్నే కసిరాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం కొట్టుకు సెలవు. ఇంట్లో ముడుచుక్కూర్చుంటే పిచ్చెక్కుతుందని దాన్ని బలవంతంగా అబిడ్స్ పుస్తకాల బజారుకు లాక్కుపోయాను. ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు, వాటి మీద వంగిన జనం. మేం ఒక కుప్ప దగ్గర నిలబడి ఉండగా వెనక ధడేల్‌మని చప్పుడైంది. బైకు మీద పోతున్న కుర్రాడెవడో సైకిల్ మీద వస్తున్న పెద్దాయన్ని తగిలించాడు. పెద్దాయన పడిపోయాడు.

అంతే, పుస్తకాలు చూస్తున్నవాళ్లందరూ రోడ్డు మీదున్నారు. ఒకడు ఆయన చంకల కింద చేతులేసి లేపాడు. ఒకామె నీళ్ల సీసా మూత తీసింది. చాయ్ బండివాడు స్టూలు తెచ్చి వేశాడు. ఇద్దరు సైకిల్ హ్యాండిలు మోకాళ్ల మధ్య పెట్టి సరిచేశారు. మిగిలినవాళ్లు బైకు కుర్రాడి కాలరు పట్టుకున్నారు. ‘‘దేఖ్‌కే నహీ చలాతా క్యా?’’ అంటూ నాలుగు తగిలించారు. వాడు దొరికిన సందులోంచి బైకుతో సహా జారుకున్నాడు. పెద్దాయన నీళ్లు తాగి, మోచెయ్యి దులుపుకుని, అందరికీ దండం పెట్టి వెళ్లిపోయాడు. జనం మళ్లీ పుస్తకాల మీదికి వంగారు. అబిడ్స్‌లో ఇది రోజూ జరిగేదే, నేనైతే చేతిలో పుస్తకం కూడా కింద పెట్టలేదు.

పక్కకు చూస్తే మనస్విని ఇంకా రోడ్డు వైపే చూస్తోంది. ‘‘ఎంతమంది ఉన్నరు అక్కా’’ అంది. ‘‘చూడు, ఎంతమంది ఉన్నరో.’’

మూసి ఉన్న ఒక షాపు మెట్ల మీద కూర్చోబెట్టాను. అక్కడ చెప్పింది.

‘‘సాయంత్రం ఐదుకే చీకటి పడ్తది గాడ. వాన పడ్తున్నది. రెస్టారెంట్ల పని అయిపోయి రూముకు వస్తున్న. కాలువ పక్కపొంటి దారి అది. నా సైకిల్ లైటు ఖరాబైంది. లైటు లేకుండ తొక్కొద్దు గాడ, ఫైన్ ఏస్తరు. రేపు ఏపిస్త అనుకున్న అక్కా. ఒక ముసలామె ఎదురుంగ నడుసుకుంట వస్తున్నది, నల్లకోటు ఏసుకున్నది. నాకు కనబడలే. హ్యాండిల్ తాకింది. ఇద్దరం పడ్డం. నేను లేచిన. ఆమె కూసున్నది. ఏందో అన్నది వాళ్ల భాషల. నా దిక్కు చెయ్యి ఎత్తింది. నాకేం కాలే, పో అన్నట్టు అనిపించింది.’’

‘‘అనిపించిందా, అనుకున్నవా?’’

అది మోచేతి మీది పక్కు గిల్లుకుంది.

‘‘చెప్పవే. లేపలేదా ఆమెను?’’

‘‘నిలబడకు అని నాన్న చెప్పిండు కద. గదే వినబడ్డది చెవుల. సైకిలెక్కి వచ్చేసిన.’’

అవును, నాన్న చెప్పాడు. దానికి స్కూటీ కొనిచ్చిన రోజున ఎదురుగా నిలబెట్టి చెప్పాడు. ‘‘ఎవరికన్న తాకిందనుకో, ఆడ నిలబడకు బిడ్డా. సక్కగ ఇంటికి రా. ఎనుక నేను చూస్కుంట.’’ ఆయన స్నేహితుడు రాజేందర్ అంకుల్ ఒకసారి నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక పిల్లాడికి స్కూటరు తగిలించాడు. పిల్లాడికి ఏమీ కాలేదు. ఆయనే బండి ఆపి పిల్లాణ్ణి లేపబోయాడు. జనం ఆయన్ని చితకబాదారు, ఒక కన్ను పోయింది. ఆ రోజు నుంచి నాన్నది అదే మాట. మా బజార్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు.

నాన్న ఊరికే అనే మనిషి కూడా కాదు. మనస్విని ఇంటర్‌లో ఉండగా కోఠి బస్టాపు దగ్గర జామకాయలమ్మే కిష్టవ్వకు స్కూటీ తగిలించి నేరుగా ఇంటికొచ్చేసింది. నాన్న అన్నం ముందు నుంచి లేచి, పండ్లు కొనుక్కుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. అప్పటికే పక్క బండ్లవాళ్లు కిష్టవ్వను దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించారు. నాన్న మంచం పక్కన నిలబడి చేతులు జోడించాడు. ‘‘నా బిడ్డ తప్పు చేసింది, నేను నీ కొడుకునే అనుకో’’ అన్నాడు. నడవగలిగేదాకా రోజూ టిఫిన్ పట్టుకెళ్లాడు. కిష్టవ్వ ఇప్పటికీ మా కొట్టుకొచ్చి కూర్చుని చాయ్ తాగి పోతుంది. ఆ కథ నాన్న ఎంతమందికి చెప్పుకున్నాడో. వాటన్నిటిలోనూ కిష్టవ్వను లేపింది పక్క బండ్లవాళ్లని ఒక్కసారైనా చెప్పాడో లేదో నాకు గుర్తులేదు.

‘‘తర్వాత?’’ అన్నాను.

మనస్విని ఫోను తీసి చూపించింది. వాళ్ల భాషలో వార్త, కింద ఇంగ్లిషులో అనువాదం. కాలువ పక్కన సన్నటి ఎర్రటి దారి, దాని అంచున ఎవరో పెట్టిన పూలు. ఆమె పేరు మార్‌గ్రీట్. ఒంటరిగా ఉండేది. తుంటి ఎముక విరిగింది, లేవలేకపోయింది. ఆ వానలో ఆ దారిన ఇంకెవరూ రాలేదు. తెల్లవారి కుక్కను తిప్పడానికి వచ్చినవాడు చూశాడు. దెబ్బతో కాదు, చలితో పోయిందని డాక్టర్లు చెప్పారు. ఆ దారిలో వెళ్లిన సైకిలిస్టు ఎవరైనా ఉంటే ముందుకు రావాలని పోలీసులు ఒక నంబరిచ్చారు.

ఒక్క ఫోన్‌కాల్. అది అక్కడే నిలబడి ఒక్క నంబరు నొక్కి ఉంటే ఆ ముసలావిడ ఈపాటికి కట్టు కట్టించుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉండేది. ఇక్కడ మనం పారిపోతాం, సరే. పడ్డవాళ్లను లేపడానికి మన వెనక పదిమంది ఉంటారు, ఆ ధైర్యంతోనే పారిపోతాం. అక్కడ దాని వెనక ఒక్కరూ లేరు.

‘‘ఎంత పని చేసినవే! మనిషివేనా నువ్వు?’’ అని అరిచాను. పుస్తకాలవాడు తలెత్తి చూశాడు. చెయ్యెత్తాను కూడా, కొట్టేదాన్నే. అది తల ఇంకా దగ్గరికి తెచ్చి, కొట్టు అన్నట్టు కూర్చుంది. ఇక కొట్టలేకపోయాను.

‘‘మరి గీడికెందుకు వచ్చినవ్?’’

అది నా వైపు వింతగా చూసింది. ‘‘సక్కగ ఇంటికి రమ్మన్నడు కద అక్కా. నాన్న చూస్కుంటడు కద.’’

ఇరవై నాలుగేళ్ల పిల్ల. రెండు విమానాలు మారి వచ్చింది, నాన్న చూసుకుంటాడని. నాకు కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మధ్యాహ్నం ఇంట్లో నాన్నకు చెప్పాం. నేనే చెప్పాను. నాన్న పూర్తిగా వినకుండానే చెప్పుల కోసం చూశాడు. ‘‘ఇప్పుడెట్లున్నది ఆమె? ఏ దవాఖానల ఉన్నది?’’

‘‘చచ్చిపోయింది నాన్నా.’’

ఆయన మంచం మీద కూలబడ్డాడు. ‘‘ఎవరన్న చూసిన్రా?’’ అన్నాడు.

‘‘అడగాల్సింది గదేనా?’’ అన్నాను. ‘‘ఒక మనిషి రాత్రంతా వానల పడి చచ్చిపోయింది నాన్నా. నీకు వయసొచ్చింది కానీ సిగ్గు రాలే.’’

‘‘నోర్ముయ్!’’ అని లేచాడు. నాన్న నన్ను అలా అనడం అదే మొదలు. ‘‘నా బిడ్డను జైల్ల పెట్టిస్తవా? అది గాడికి పోదు. గీడనే ఉంటది.’’ తర్వాత మనస్విని పక్కన కూర్చుని తల నిమిరాడు. ‘‘ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను చూస్కుంట.’’

ఆ మాట దానికి మందులా పనిచేసింది. ఆ రోజు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. మర్నాడు రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. కొట్టుకొచ్చి, చీరల ఫాల్స్ వెతికిచ్చింది, మెరూన్ రంగుల మీద కస్టమర్లతో జోకులేసింది. నాన్న పొద్దున్నే తయారై, లాయర్ దగ్గరికి పోతున్నానని బయల్దేరేవాడు. వచ్చాక అది, ‘‘మాట్లాడినవా నాన్నా?’’ అంటే, ‘‘నడుస్తున్నది బిడ్డా’’ అనేవాడు. దానికి అది చాలు. అది నవ్వుతుంటే నేను తానులు సర్దే నెపంతో అటు తిరిగేదాన్ని. నా చెల్లెలు బాగుపడుతోందని సంతోషించాలి కదా, భయమేసింది. ఇలాగే ఇంకొన్నాళ్లు గడిస్తే ఆ ముసలావిడ అసలు పడనే లేదనుకుంటుంది ఇది. మేమూ అనుకుంటాం.

నాలుగో రోజో, ఐదో రోజో జిప్పుల కోసం కోఠి హోల్‌సేల్ షాపుకెళ్లి తిరిగొస్తున్నాను. మొజంజాహీ మార్కెట్ దగ్గర నాన్న కనిపించాడు. పండ్ల కొట్ల ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన సంచి. లాయరూ లేడు, గీయరూ లేడు. దగ్గరికెళ్లి సంచి తెరిచి చూశాను. యాపిల్స్, బత్తాయిలు, ద్రాక్ష.

‘‘ఎవరికి నాన్నా ఇవి?’’

ఆయన తలెత్తలేదు. ‘‘ఎవరికియ్యాలెనే? పొద్దుగాల్ల ఇంట్ల కెల్లి బయటపడ్త. కాళ్లు గీడికే వస్తయి. పండ్లు కొంట. కొన్నంక ఎటు పోవాల్నో తెల్వది. ఎవ్వనికో ఇచ్చేసి వస్త.’’

‘‘రోజూనా?’’

‘‘ఔ.’’

అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఇన్ని రోజులుగా ఆయన్ని తిట్టడానికి పోగేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. ‘‘ఆమెకు పిల్లలున్నరా?’’ అని అడిగాడు. ‘‘ఒక కూతురున్నదట’’ అన్నాను. నాన్న మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఐస్‌క్రీములు తింటున్న కాలేజీ పిల్లలు మమ్మల్ని చూసి అటు తిరిగారు.

‘‘దానికి చెప్పు నాన్నా’’ అన్నాను. ‘‘నేను చెప్తే వినదు. నువ్వు చేస్తున్నవనుకుంటున్నది. నీతోని కాదని చెప్పు.’’

‘‘ఎట్ల చెప్పాలెనే? పుట్టినప్పటికెల్లి ఒక్కసారి గూడ అనలే గా మాట.’’

‘‘ఇప్పుడు అను.’’

ఇంటికొచ్చేసరికి మనస్విని భోజనానికి కొట్టు నుంచి వచ్చి, మా ముగ్గురికీ కంచాలు పెట్టి ఉంది. నాన్న సంచి తలుపు పక్కన పెట్టాడు. చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

‘‘బిడ్డా’’ అన్నాడు. ‘‘నాతోని గాదు.’’

‘‘ఏంది నాన్నా?’’

‘‘నేను ఏ లాయర్‌తోని మాట్లాడలే. ఏం చెయ్యలే. చెయ్యనీకి ఏం లేదు. ఎవరి కాళ్లు పట్టుకోవాలె? ఆమె లేదాయె. నాతోని గాదు బిడ్డా.’’

అది నాన్న వైపు చూసింది, నా వైపు చూసింది. చేతిలో గరిటె అలాగే ఉంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మొదటి రోజు కొట్లో చూసిన ఆ పీక్కుపోయిన మొహం మళ్లీ వచ్చింది. గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చింది.

‘‘నంబరు నా దగ్గరున్నది’’ అంది. ‘‘అక్కా, నువ్వు పక్కన కూసో. స్పీకర్ పెడ్త.’’

నాన్న ఆపుతాడేమోనని చూశాను. ఆపలేదు, గోడకానుకుని కింద కూర్చున్నాడు.

అవతల రింగవుతుంటే నా చెయ్యి పట్టుకుంది. మగ గొంతు పలికింది, వాళ్ల భాషలో. మనస్విని ఇంగ్లిషులో తన పూర్తి పేరు చెప్పింది, తండ్రి పేరుతో సహా. తను ఎక్కడి నుంచి మాట్లాడుతోందో, ఎవరి గురించో చెప్పింది. ఆ సైకిలు తనదేనంది. లైటు లేదని కూడా తనే చెప్పింది. అవతల మనిషి అరవలేదు, బెదిరించలేదు. డాక్టరులా మెల్లగా ఒక్కొక్కటీ అడుగుతున్నాడు. అది అన్నిటికీ జవాబు చెబుతోంది. చివరికి ఆయన ఒకటి అడిగాడు. మనస్విని ఆగిపోయింది. నా చేతి మీద దాని గోళ్లు దిగాయి. చాలాసేపటికి ‘యెస్’ అంది. ఆ తర్వాత అవతలా మాట లేదు, ఇవతలా లేదు.

కొట్లో కస్టమర్లతో నాలుగు ముక్కలు మాట్లాడటమే తప్ప, ఫోనులో ఆ యాస ఇంగ్లిష్ నాన్నకు అందదు. ఆ నిశ్శబ్దం చూసి ఆయనకు ఆశ పుట్టినట్టుంది. చేతులు నేలకానించి నా దగ్గరికి జరిగాడు.

‘‘ఏమంటున్నరే?’’ అన్నాడు గుసగుసగా. ‘‘మాఫ్ చేసిన్రా?’’

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. కిష్టవ్వ మంచం పక్కన చేతులు జోడించిన నాన్న. నా నోటితో ఎలా చెప్పను? కానీ ఆ ఇంట్లో ఇంకొక అబద్ధానికి చోటు లేదు.

‘‘లేదు నాన్నా. ఇడిసిపెట్టి వచ్చేటప్పుడు ఆమె పాణంతోని ఉన్నదా అని అడిగిండు. ఉన్నదని చెప్పింది.’’